మీటరుకి కనపడని ఏడువందల కిలోమీటర్లు

పోయినవన్నీ ముందే చెప్పేస్తాను. పెరట్లో కాపు మీదున్న నిమ్మచెట్టు. నా ఎడమచేతి బొటనవేలి గోరు. తూకానికి అమ్మేసిన పాత టైర్లు నాలుగు. అక్కాచెల్లెళ్లు రోజూ సాయంత్రం ఫోనులో చెప్పుకునే కబుర్లు. ఏడువందల కిలోమీటర్లు.

నిమ్మచెట్టు మళ్లీ వేశాం. గోరు వంకరగానైనా మొలిచింది. కిలోమీటర్లు మాత్రం తిరిగి రాలేదు. అవెలా పోయాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

జగ్గయ్యపేటలో మాది కిరాణా కొట్టు. నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు మాత్రం గల్లాపెట్టె ముందు కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను. సరుకు తేవడానికి ఒక పాత పికప్ బండి ఉండేది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే రకం. తారురోడ్డు మీద దానికంత అవసరం లేదు గనక ఆ బలం వృథాగా పడి ఉండేది.

దాని మీద కన్ను పడింది మా తోడల్లుడికి. మా ఆవిడ అక్కగారి భర్త ఆయన. నందిగామలో పత్తి వ్యాపారం. చేలల్లోనే పత్తి కొని బస్తాలకెత్తిస్తాడు. సరిగ్గా పత్తి తీసే రోజుల్లో వాన పడితే మా నల్లరేగడి డొంకల్లోకి లారీ దిగదు. దిగిందా, ఇక పైకి రాదు.

"తమ్ముడూ, నీ బండి ఊరికే పడుందిగా. ఎత్తు పెంచు, పెద్ద టైర్లెయ్. కిలోమీటరుకి ఇరవై రెండు రూపాయలిస్తా. మీటరు చూసుకుని లెక్క. నువ్వసలే లెక్కల మనిషివి, నీతో పేచీ ఏముంటది?"

పాత టైర్లు ఇరవై ఎనిమిది అంగుళాల ఎత్తువి. ముప్పై వేస్తే చాలన్నాను.

"ముప్పై ఏం సరిపోద్ది? ముప్పై రెండెయ్. చేస్తే ఒక్కసారే చెయ్యాలి."

చేశాను. నిమ్మచెట్టు కొట్టేసి దాని చోట రేకుల షెడ్డు వేశాను. ఆదివారం కొట్టు కట్టేశాక వీధి చివర వెల్డింగు షాపాయన, నేను కలిసి పని పట్టేవాళ్లం. బండి బరువు మోసే కమాన్ కట్టలు విప్పి ఒక్కో కట్టకీ ఇంకో ఇనప పట్టీ కలిపి బిగించాం. పట్టీ జారి నా వేలి మీద పడింది అప్పుడే. బండి నాలుగంగుళాలు లేచాక చూస్తే బ్రేకు పైపులు తీగలాగా బిగిసిపోయాయి. పొడుగువి తెచ్చి మార్చాను. స్టీరింగు పూర్తిగా తిప్పితే కొత్త టైరు మడ్‌గార్డుకి రాసుకునేది. అక్కడ రేకు కోసి, అంచు లోపలికి మడిచాం. వాగు నీళ్లు ఇంజనులోకి పోకుండా గాలి గొట్టాన్ని క్యాబిన్ మీదికి లేపాం.

మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "బానే ఉంది. ఎక్కడానికి నిచ్చెన కూడా చేయించండి. చీర కట్టుకున్నవాళ్లం మేం ఎక్కొద్దూ?"

తలుపుల కింద చెరో మెట్టూ పెట్టించాను. ప్రతిదీ టేపు పెట్టి కొలిచాను. ఎత్తు, వెడల్పు, టైరుకీ రేకుకీ మధ్య సందు. మీటరు సంగతి ఒక్కటే నాకు తట్టలేదు.

మొదటి వానకే బండి సత్తా తెలిసింది. డొంకలో ఒక ట్రాక్టరు ఇరుసుదాకా దిగబడి ఉంటే, పక్కనుంచి బురద చిమ్ముకుంటూ పత్తి బస్తాలతో బయటికొచ్చాను. ట్రాక్టరు తోలే అతను, "ఏం బండయ్యా బాబూ, ఏనుగులా ఉంది!" అని అరిచాడు. ఆ మాట ఇంటికొచ్చి మా ఆవిడకి రెండుసార్లు చెప్పాను.

రెండు పత్తి సీజన్లు తోలాను. మీటరు మీద నాలుగువేల తొమ్మిదివందల కిలోమీటర్లు. దానికే డబ్బు ముట్టింది. కానీ డీజిలు లెక్క పొసగేది కాదు. పెద్ద టైర్లు డీజిలు తాగుతాయని అందరూ అన్నారు. తాగుతాయి సరే, మరీ ఇంతా?

ఒకరోజు చిల్లకల్లు దాటి హైవే మీద నందిగామ వైపు పోతూ కిలోమీటరు రాళ్లు చూడటం మొదలుపెట్టాను. రాళ్ల లెక్కన ఎనిమిది కిలోమీటర్లు పోతే మీటరు ఏడే చూపించింది. ఇంకో ఎనిమిది పోయాను. మళ్లీ ఏడే.

ఇంటికొచ్చి టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు దొర్లించి టేపు పట్టాను. ఇంచుమించు నూటొక్క అంగుళాలు. స్టెప్నీగా అట్టేపెట్టిన పాత టైరు దొర్లిస్తే ఎనభై ఎనిమిది. అప్పుడర్థమైంది. మీటరుకి రోడ్డు కనపడదు, చక్రం తిరిగిన చుట్లే దానికి తెలుసు. ఒక్కో చుట్టూ ఇంకా పాత టైరంత దూరమే అనుకుంటోంది. ఏడు చూపిస్తే నేను తిరిగింది ఎనిమిది. నాలుగువేల తొమ్మిదివందలకి అసలు దూరం అయిదువేల ఆరువందలు. తేడా ఏడువందలు. డీజిలు పోసింది నేను, కూలి లేకుండా తిరిగింది నా బండి.

మర్నాడే నందిగామ వెళ్లాను. వాళ్లు భోజనాలకి కూర్చుంటున్నారు, నాకూ విస్తరి వేశారు. పప్పన్నం కలుపుకుంటూ సంగతి చెప్పాను. చూసుకోలేదని నొచ్చుకుంటాడు, సర్దేస్తాడు అనే అనుకున్నాను.

వడ్డిస్తున్న వదినగారు నవ్వేసింది. "అయ్యో, అదా మరిదిగారూ! మీరు టైర్లేయించిన రోజే చెప్పారు మీ అన్నయ్య. ఎనిమిదో కిలోమీటరు మనకి ఫ్రీ అని."

పాపం, ఆవిడకి అది పాత జోకు. ముద్ద విస్తట్లో పెట్టేసి ఆయన వైపు తిరిగాను. ఆయన తల ఎత్తకుండా, "నువ్వు చారు తేవే ముందు" అన్నాడు.

"అన్నయ్యగారూ, మీకు ముందే తెలుసా?"

"మీటరెవరిది? నీది. టైర్లెవరివి? నీవి. చూసి రాసిందీ నువ్వే. నేనేమన్నా మీటరు తిప్పానా?"

"తిప్పలేదండి. తెలిసి ఊరుకున్నారు."

"తెలిసుండటం కూడా తప్పేనా? లెక్కల మనిషివి, నువ్వు చూసుకోవద్దూ!"

ముప్పై రెండే వెయ్యమని పట్టుబట్టిన మనిషి, మీటరు చూసుకుని లెక్క అన్న మనిషి, రెండు సీజన్లు డబ్బు చేతిలో పెడుతూ "సరిచూసుకో తమ్ముడూ" అన్న మనిషి! ఆ మాట అన్న ప్రతిసారీ లోపల నవ్వుకునే ఉంటాడు. దారినపోయేవాడు మోసం చేస్తే తిట్టుకుని వదిలేస్తాం. ఈయన నా లెక్కని నాకే ఎరగా వేశాడు. పెరుగన్నం తినకుండా లేచి చెయ్యి కడుక్కున్నాను.

"పదిహేనువేలకి మా అక్కని వదులుకోమంటారా?" అంది ఇంటికొచ్చాక మా ఆవిడ.

"మీ అక్కని ఎవరొదులుకోమన్నారు? మీ బావనడగమంటున్నా."

అడిగింది. ఆ తర్వాతే సాయంత్రం ఫోన్లు ఆగిపోయాయి. ఆ పాపం కూడా ఆయన ఖాతాలోదే.

మొన్న ముసురు పట్టినప్పుడు ఆయనే ఫోను చేశాడు. కొన్న పత్తి డొంక అవతల బస్తాల్లో తడుస్తోందట. రైతుకి డబ్బు ముట్టేసిన సరుకు. ముట్టకపోయి ఉంటే ఆ రైతు మొహం చూసైనా వెళ్లేవాణ్ణి.

"బండి పంపు తమ్ముడూ. కిలోమీటరుకి ముప్పై ఇస్తా. రాళ్లు చూసుకునే లెక్కెయ్యి, సరేనా?"

"కొత్త రేటు నాకొద్దండి. పాతది పంపండి. డబ్బు చేతిలో పడగానే బయల్దేరతా."

"బురదలో సరుకు పోతుంటే ఇప్పుడా అడిగేది?"

"మీరు నవ్వుకున్నప్పుడు నాకు చెప్పలేదుగా. చెప్తే అప్పుడే అడిగేవాణ్ణి."

ఫోను పెట్టేశాడు. వాన రెండు రోజులు పడింది. బండి షెడ్డులోంచి కదల్లేదు. ముప్పై చొప్పున ఇస్తానన్న నోటికి ఆ పాత ఏడువందల మాట మాత్రం రాలేదు. ఆ ఏడువందలూ ఇరవై రెండు చొప్పున, నాకు ఈ రోజుకీ రావలసింది పదిహేనువేల నాలుగువందలు.