ఎజ్రా మాస్టారు సముద్రంలో దిగిన అధ్యాయం

ఎజ్రా మాస్టారు తన ఒంటి మీదకు రాని వాక్యాన్ని అనువదించరు. పుస్తకంలో కథానాయకుడు ఎండలో నడిస్తే, ముందు తానూ ఎండలో నడిచొచ్చి, ఆ తర్వాతే కలం పడతారు. కథానాయకుడికి జలుబు చేస్తే, రేపల్లెలో ఈయన తల తడుపుకుని ఫ్యాను కింద కూర్చుంటారు. ఇంగ్లీషులోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లీషులోకి ఇన్నేళ్ళుగా రాకపోకలు సాగిస్తున్న మనిషికి అది వృత్తిధర్మం. ఆయన భార్య హెలెన్ టీచరుకి మాత్రం అది గుండెదడ.

హెలెన్ లెక్కల టీచరు. నవలలు చదవదు. కొత్త పుస్తకం ఇంట్లోకి రాగానే ఒక్కటే అడుగుతుంది.

"ఇందులో ఆయనకి ఏమవుతుందండీ?"

"ఎవరికి?"

"కథలో ఆయనకి. తర్వాత మీకు."

ఒకసారి ఓ నవలలో దొంగ గోధుమ బస్తాల లారీలో దాక్కుని పారిపోయాడు. గోధుమలు మనకెక్కడివని మాస్టారు దుగ్గిరాల యార్డుకి వెళ్ళి పసుపు బస్తాల లారీ ఎక్కారు. తుమ్ములు ఆగక మొదటి మలుపులోనే దొరికిపోయారు. సాయంత్రం చెవుల నుంచి మడమల దాకా పసుపుతో వీధిలోకి వస్తుంటే, ఇస్త్రీ బండి ముసలాయన పెట్టె పక్కన పెట్టి, ఈ వయసులో పెళ్ళేంటి మాస్టారూ అని అడిగాడు. హెలెన్ దిండుగలీబులు ఇప్పటికీ లేత పసుపురంగే. ఆ అధ్యాయం చదివిన వాళ్ళందరికీ ముక్కు దురద పెట్టిందని మాత్రం మాస్టారు గర్వంగా చెప్పుకుంటారు.

సొంత రచనల దారి ఇంకోటి. తెనాలి స్టేషన్లో వినపడే రైలు ప్రకటనలతోనే ఒక నవల రాశారు. అందులో మనుషులెవరూ ఉండరు, అందరూ ఆలస్యంగా వస్తుంటారు. మరో నవలలో ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లీషు. రెండూ చివరిదాకా పోట్లాడుకుంటాయి. వీటన్నిటినీ అచ్చువేసిన ధీరుడు తెనాలి గౌతమ్. అర్థమైందా అని మాస్టారు అడిగితే, "అమ్ముడుపోలేదు సార్, గొప్పదే అయ్యుంటుంది," అంటాడు. అతనికి ఇంగ్లీషు రాదు. వస్తే మిమ్మల్నెందుకు అడుగుతానండి అని నిజాయితీగా ఒప్పుకుంటాడు కూడా.

ఇన్ని పుస్తకాల్లోనూ హెలెన్‌ని ఎక్కువ సతాయించింది ఇప్పుడు చేస్తున్న విదేశీ నవలే. డాక్టరు ఆవిడకి బీపీ ఉందని ఉప్పు తగ్గించమన్న వారమే, అందులో కథానాయకుడు ఉప్పు మానేశాడు. మొగుడూ పెళ్ళాలిద్దరూ చప్పిడి పప్పు కలుపుకుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవారు.

"ఎన్నాళ్ళండీ ఈ అధ్యాయం?"

"పెద్ద అధ్యాయం హెలెన్."

అది ముగియకముందే కథానాయకుడు గుండు చేయించుకున్నాడు. ఎదురింటి జెస్సీకి టైఫాయిడ్ తగ్గాక, జుట్టు ఊడిపోతోందని వాళ్ళమ్మ గుండు చేయించిన రోజులవి. ఆ పిల్ల బడికి పోతూంటే మాస్టారు కూడా కాలవగట్టు దాకా కబుర్లాడుతూ వెళ్ళేవారు. పొద్దుటి ఎండలో రెండు గుండ్లు రెండు చిన్న దీపాల్లా కదిలిపోయేవి. చర్చిలో పాస్టరుగారు హెలెన్‌ని పక్కకి పిలిచి, మాస్టారు తిరుపతి వెళ్ళొచ్చారా అని నెమ్మదిగా అడిగారు.

"అధ్యాయమండి," అంది హెలెన్.

వానలు వెనకపట్టాక సూర్యలంక నుంచి ఎండుచేపలమ్మే పేరంటాలు వచ్చింది. గుమ్మంలో గంప దించుకుని తన గోడు చెప్పుకుంది. పడవ బోల్తా కొట్టినప్పటి నుంచి మొగుడు సింగరయ్య వేటకి పోవడం లేదట. సముద్రానికి వీపు పెట్టి కూర్చుంటున్నాడట. తోటివాళ్ళు నవ్వుతారని నోరు విప్పడట. హెలెన్ ఉప్పు వేయని చేపలు ఏరుకుంటూ విని, అయ్యో అంది. మాస్టారు పేపరు వెనకాల ఉన్నారు.

ఆ శుక్రవారం అన్నాల దగ్గర మాస్టారు ప్రకటించారు. నవలలో చివరి అధ్యాయం మిగిలింది. పొద్దున్నే సూర్యలంక వెళ్ళాలి.

"అక్కడేముంది?"

"ఆయన సముద్రంలోకి నడుచుకుంటూ వెళతాడు."

హెలెన్ చేతిలో ముద్ద ఆగిపోయింది. మాస్టారికి ఈత రాదు. బోరింగు దగ్గర బకెట్టు నిండితేనే రెండడుగులు వెనక్కి వేసే మనిషి.

"మళ్ళీ వెనక్కి వస్తాడా?"

"రచయిత చెప్పలేదు," అన్నారు మాస్టారు, మజ్జిగ పోసుకుంటూ. "పాఠకులకి వదిలేశాడు."

తెల్లవారి హెలెన్ లేచేసరికి ఆయన వెళ్ళిపోయారు. ఆయన ఫోను కిటికీలోనే ఉంది. నవల బల్లమీద ఉంది. పెళ్ళయ్యాక మొదటిసారి ఆవిడ ఆయన పుస్తకం తెరిచింది. వెనక్కి వస్తాడో రాడో చూద్దామని చివరి పేజీ తీసింది. అక్కడ ఒకాయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముందు పేజీలోనూ కూర్చునే ఉన్నాడు. అధ్యాయం తర్వాత అధ్యాయం తిప్పింది. కుర్చీ. కిటికీ. కిటికీ మీద వెలుగు ఇటునుంచి అటు జరుగుతోంది, అంతే. సముద్రం లేదు. గుండు లేదు. ఆయన భోజనమే చేయలేదు, ఇక ఉప్పు ఎక్కడ మానతాడు.

ఆ మిగతా సంగతులు ఆలోచించే తీరిక ఆవిడకి లేకపోయింది. ఒక్కటే లెక్క ఎదురుగా నిలబడింది. పుస్తకంలో ఎవరూ సముద్రంలోకి వెళ్ళడం లేదు. వెళుతున్నది ఈయనే.

ఈయన ఏం బాధ పడుతున్నారో అనుకుంది. ఎవరూ చదవని ఆ రైలు నవల గురించా. రెండు భాషలు రాసీ రాసీ రెండింటిలోనూ ఎవరికీ కాకుండా పోయాననా. గౌతమ్‌కి ఫోను చేసింది. సంగతి వినకముందే అతను, చివరి అధ్యాయం ఎప్పుడిస్తారో కాస్త అడగండి మేడమ్ అన్నాడు. విన్నాక గొంతు మారింది. రైలెక్కుతున్నాను, బాపట్లలో ఉంటాను అన్నాడు.

బాపట్ల బస్సు దారిలో నగరం అనే ఊళ్ళో ఆగి, అందరూ టిఫిన్లు చేసి వచ్చేదాకా కదల్లేదు. హెలెన్ కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది. కోతకొచ్చిన చేలు, కాలవలు, కాలవల్లో ముక్కలైన ఆకాశం వెనక్కి పోతున్నాయి. నీళ్ళు కనిపించిన చోటల్లా ఆవిడ కళ్ళు మూసుకుంది.

బాపట్లలో గౌతమ్ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. దారిపొడుగునా ధైర్యం చెప్పడానికి ప్రయత్నించాడు.

"ఏం కాదు మేడమ్. సార్‌కి ఏదీ అనుకున్న టైముకి పూర్తి చేసే అలవాటు లేదు."

సూర్యలంక ఇసుకలో ఆవిడ చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తింది. దూరంగా నీళ్ళలో ఇద్దరు మనుషులు. ఒకరు ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి, కళ్ళజోడు తాడుతో చెవులకి కట్టుకుని, గొంతెత్తి ప్రార్థన చేస్తున్నారు. ఆయన్ని రెక్క పట్టుకుని ఆపుతున్నవాడు సింగరయ్య. హెలెన్ అరవబోయింది. ఒడ్డున కూర్చున్న పేరంటాలు ఆవిడ కొంగు పట్టి లాగింది.

"మాట్లాడకు టీచరమ్మా. మా ఆయన నీళ్ళలో దిగాడు."

పేరంటాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని గుసగుసగా చెప్పింది. మాస్టారు వచ్చి, పుస్తకంలో ఉందయ్యా, నాలుగడుగులు సముద్రంలో వేయాలి, నాకు భయం, పట్టుకోవా అని అడిగారట. సింగరయ్య వీపు తిప్పకుండానే కుదరదన్నాడట. సరేలే అని మాస్టారు ఒక్కరే దిగి, మొట్టమొదటి అలకే బోర్లా పడ్డారట.

"అప్పుడు చూడాలమ్మా మా ఆయన్ని. ఏమాలోచించాడో ఏంటో, లేచి ఒకటే పరుగు."

నీళ్ళలోంచి సింగరయ్య గొంతు వినిపించింది.

"అలకి ఎదురుగా నిటారుగా నిలబడకూడదు మాస్టారూ. పక్కకి తిరగండి."

"మా కథానాయకుడు నిటారుగానే నిలబడ్డాడయ్యా."

"అయితే ఈపాటికి చచ్చుంటాడు. మీరు తిరగండి."

ఇంకో అల వచ్చింది. సింగరయ్య నడుము లోతుకి దిగి మాస్టారికి అడ్డంగా నిలబడ్డాడు. అల అతని భుజాల మీద విరిగి, పాత పరిచయం ఉన్నట్టు చుట్టూ తిరిగి వెళ్ళిపోయింది. పేరంటాలు కొంగు ఇప్పుడు నోటి దగ్గర లేదు, కళ్ళ దగ్గరుంది. హెలెన్ ఇసుకలో కూలబడింది. చప్పిడి పప్పు, కాలవగట్టున రెండు గుండ్లు, పేపరు వెనకాల ఉన్న మనిషి, అన్నీ అప్పుడు వరసగా వచ్చి సమాధానం దగ్గర కూర్చున్నాయి.

మాస్టారు ఒడ్డుకొచ్చి భార్యని చూసి, తడిసిన పిల్లిలా నిలబడ్డారు. గౌతమ్ ఆత్రంగా అడిగాడు.

"చివరి అధ్యాయం అయిపోయినట్టేనా సార్?"

"ఎక్కడయ్యా, మోకాళ్ళ దాకానే వచ్చాం. సింగరయ్య ఒప్పుకుంటే వచ్చే శనివారం నడుము దాకా."

"ఈయన్ని ఒక్కణ్ణే పంపకండమ్మా, మునిగిపోతాడు," అన్నాడు సింగరయ్య చిరాగ్గా, సముద్రం వైపు చూస్తూ. "నేను ఉండాలి."

గౌతమ్ హెలెన్ వైపు తిరిగి, పుస్తకంలో నిజంగా ఇంత లోతుందా మేడమ్ అని అడిగాడు. ఆవిడ, చాలా లోతుందయ్యా అంది.

తిరుగు బస్సులో మాస్టారి చొక్కాలోంచి ఇసుక రాలుతోంది.

"మీ నవల చదివానండీ," అంది హెలెన్.

మాస్టారు కిటికీలోకి చూశారు. "ఎంతవరకు?"

"ఆయన కుర్చీలోంచి లేచేదాకా చదువుదామని కూర్చున్నాను."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. హెలెన్ గొంతు సవరించుకుని, లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది.

"చివర్లో లేచాడు లెండి. లేచి, రోజూ పొద్దున్నే భార్యకి కాఫీ పెట్టి ఇస్తాడు. మీరు ఆ పేజీ చూడలేదేమో."

మాస్టారు ఆలోచించారు. బస్సు నగరం దాటేదాకా ఆలోచించారు.

"ఉంది," అన్నారు చివరికి. "చాలా కష్టమైన భాగం."

మర్నాడు పొద్దున్నే గ్లాసు నిండా కాఫీ వచ్చింది. హెలెన్ ఒక గుక్క తాగి, కాసేపు కళ్ళు మూసుకుని, గ్లాసు కింద పెట్టింది. పంచదార అనుకుని మాస్టారు వేసింది ఉప్పు.

"ఇది మొదటి చిత్తు," అంది. "తిరగరాయండి."