కోతల బావగారు, పవర్ తినే స్టీరింగు

ఆ ఇంట్లో దేన్ని ఉంచాలో, దేన్ని తీసేయాలో నిర్ణయించే అధికారం ఒక్కరిదే. ఆయనను వీధి వీధంతా కోతల బావగారు అంటుంది. ఆ బిరుదుకు ఆధారాలు రెండు, రెండూ ఏ కోర్టులోనైనా నిలబడేవే. ఒకటి, ఆయన ఉద్యోగం. ఊరికి కరెంటు చాలనప్పుడు ఏ వీధిని ఎంతసేపు చీకట్లో ఉంచాలో చూసి మీట నొక్కే సబ్‌స్టేషన్ ఆపరేటరు ఆయన. రెండు, ఉద్యోగం ముగించుకుని ఇంటికొచ్చాక కోసే కోతలు. మొదటి రకం వంతులవారీగా వచ్చేది. రెండోదానికి వంతూ లేదు, విరామమూ లేదు.

"బావగారు" అన్న భాగం మరదలి చలవ. భార్యకు చెల్లెలైన ఆ పిల్ల అక్క ఇంట్లోనే ఉంటూ, పక్క వీధి బేకరీలో రొట్టెలు పొట్లాలు కడుతుంది. పిలుపు ఆమె నోట పుట్టి గోడ దాటింది. బిరుదు మొదటి సగాన్ని ఎవరు చేర్చారో ఎవరూ ఒప్పుకోరు.

బావగారి జీవితానికి రాజ్యాంగం అనదగిన వాక్యం ఒకటుంది: లోడు తీసేస్తే పవర్ మిగులుతుంది. ఎవరి లోడు అన్న ప్రశ్న ఆ రాజ్యాంగంలో లేదు. లేని ప్రశ్నకు జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే. సబ్‌స్టేషన్‌లో అయితే కాలువ పక్క వీధి. పెద్ద అధికారుల క్వార్టర్ల మీట మీద దుమ్ము పేరుకుని ఉండేది, ఎవరూ నొక్కిన పాపాన పోలేదు గనక. ఇంట్లో అయితే వంటిల్లు. రెండు వేసవుల కిందట ఆయన వంటింటి ఫ్యాను ఊడదీసి అటకెక్కించారు. దానివల్ల హాల్లో ఫ్యాను వేగం పెరుగుతుందని సిద్ధాంతం.

"గిర్రున తిరుగుతోంది చూశావా?" అన్నారు హాల్లో పడక్కుర్చీలోంచి.

"నాకు కనబడదులెండి. నేను వంటింట్లో ఉన్నాను," అంది అక్క, చెమట భుజానికి తుడుచుకుంటూ.

ఆ మాటను ఆయన అంగీకారంగా నమోదు చేసుకున్నారు.

ఇలా సాగుతున్న పాలనలోకి మరదలి డ్రైవింగ్ పరీక్ష వచ్చి పడింది. బేకరీ వ్యాను నడిపే పెద్దాయన చూపు మందగించి పని మానేశాడు. బేకరీ నడిపే ఆవిడ మరదలిని పిలిచి, "ఈసారి లైసెన్సు తెచ్చుకో, తాళాలు నీకే. తప్పితే మాత్రం నేను ఆగలేను, వేరేవాళ్ళను పెట్టుకుంటాను," అని తేల్చి చెప్పింది. పొట్లాల బల్ల ముందు నిలబడి నిలబడి పిక్కలు పట్టేసిన పిల్లకు అది ఉద్యోగం మార్పు కాదు, కూర్చుని చేసే పని. అంతకన్నా పెద్ద విషయం, ఆ జీతంతో ఆమె వేరే గది తీసుకోగలదు. ఎవరి మీటా పనిచేయని గది.

ఈసారి అనడానికి కారణం, మొదటిసారి తప్పింది. పరీక్షా మైదానంలో చివర ఒక మట్టి గట్టు ఉంటుంది. సగం ఎక్కి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. ఆమె ఆపింది. అంతలో కంచె అవతలి నుంచి బావగారు, "క్లచ్చు, క్లచ్చు... అది కాదు, రెండోది," అని కేకేశారు. ఏది రెండోదో తేల్చుకునేలోపు కారు వెనక్కి జారింది.

ఇంటికొచ్చాక విచారణ జరిగింది. ప్రత్యక్షసాక్షి బావగారు, నిపుణుడు బావగారు, న్యాయమూర్తి బావగారు. తీర్పు: తప్పు పిల్లది కాదు, ఆయనది అసలే కాదు, కారులో పవర్ చాలలేదు.

"పోనీ బేకరీ ఆవిడ వ్యాను ఇస్తానంటోంది బావగారూ. రోజూ పొద్దున వాళ్ళ ఆవరణలో ఆవిడ పక్కన కూర్చుని నేర్పిస్తోంది కూడా. దాంట్లోనే పరీక్షకు వెళ్తాను," అంది మరదలు.

"ఇంట్లో కారు పెట్టుకుని బన్నులబండిలో పరీక్షకా? నా పరువు ఏం కావాలి?"

ఆదివారం కారు ముందు మూత లేచింది. బావగారు లోపలికి వంగి, తిరిగే బెల్టులను దొంగలను చూసినట్టు చూశారు.

"పవర్ స్టీరింగంటే ఏంటో చెప్పు."

"తేలిగ్గా తిరిగే స్టీరింగు."

"అది పైపై అర్థం. పవర్ తినే స్టీరింగు. లేకపోతే దానికా పేరెందుకు పెడతారు? పేరులోనే నేరం ఒప్పేసుకుంది కదా."

నిందితురాలి పేరునే నేరాంగీకారంగా స్వీకరించి, స్టీరింగు పంపును తిప్పే బెల్టును ఆయన అక్కడికక్కడే కోసేశారు. చల్లగాలి యంత్రం బెల్టుదీ అదే గతి. మూడో బెల్టు దగ్గర మాత్రం కత్తి ఆగింది. అది కారులో కరెంటు పుట్టించే యంత్రానిది. సొంత శాఖ మీద చర్య తీసుకోవడం ఆయన సర్వీసులోనే లేదు.

ప్రయోగ ఫలితం ఆ సాయంత్రమే ప్రకటించారు. కోతకు ముందు కారు వంతెన ఎత్తును ఈసురోమంటూ ఎక్కింది, కోత తర్వాత పిట్టలా ఎక్కింది. ముందు ఎక్కినప్పుడు కారులో ఆయనా, అక్కా, మరదలూ, బియ్యం బస్తా ఉన్నారనీ, తర్వాత ఎక్కినప్పుడు ఆయనొక్కరే ఉన్నారనీ మరదలు అంది.

"నాకు ఎదురు సాక్ష్యం చెప్తున్నావా మరదలు పిల్లా?"

"లేదు బావగారూ. బియ్యం బస్తా చెప్తోంది."

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ఆయన సిద్ధాంతం పచ్చి అబద్ధం కాదు. పచ్చి అబద్ధమైతే ఇంత హాని చేయగలిగేది కాదు. పంపు తిరగడానికి ఇంజిను నుంచి కొంత బలం తీసుకుంటుంది, నిజమే. అయితే స్టీరింగు తిప్పనప్పుడు అది తినేది పిట్ట మేత. కడుపునిండా తినేది బండి నెమ్మదిగా ఉండి, చక్రాలు బాగా తిప్పాల్సి వచ్చినప్పుడు. గట్టు ఎక్కే బండి ముక్కుసూటిగా పోతుంది. అంటే ఏ గట్టు కోసం ఈ కోత పెట్టారో ఆ గట్టు మీద మిగిలేది దాదాపు సున్న. మలుపు దగ్గర మాత్రం పంపు చేయాల్సిన పని ఎవరో ఒకరు చేయాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నది ఆ రాజ్యాంగంలో లేని ప్రశ్న.

జవాబు మర్నాటి నుంచి మరదలి మణికట్లలో కనిపించింది. సందు మలుపులో స్టీరింగు తిప్పడమంటే రోలు పొత్రాన్ని ఒంటిచేత్తో పెకలించడమే. సీటులోంచి పైకి లేచి, ఒళ్ళంతా వేలాడేసి లాగితే అది కొంచెం కదిలేది. రెండో రోజు అది కదిలేలోపే కారు మూల మీది చెత్తడబ్బాను గుద్దింది.

"చేతిలో పట్టు లేదు," అన్నారు బావగారు.

బెల్టు కోసింది ఒకరు, పట్టు లేనిది మరొకరికి. ఇటువంటి తీర్పులు పెద్ద భవనాల్లోనే వెలువడతాయని అనుకుంటాం గానీ, వాటికి సందు మలుపు చాలు.

రాత్రి అక్క ఆమె చేతులకు నూనె రాస్తూ, "నొప్పి ఎక్కువగా ఉందా?" అంది.

"నొప్పి సంగతి వదిలెయ్యవే. పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాలి కదా, ఈ కారుతో సున్న కూడా చుట్టలేను. ఈసారి పోతే ఆవిడ ఆగదు."

"ఆయనకు చెప్పి చూడు."

"నువ్వు ఫ్యాను గురించి చెప్పి చూశావుగా."

అక్క నూనె గిన్నె మూత బిగించి లేచింది.

పరీక్ష నాడు అక్కనూ మరదలినీ ఎక్కించుకుని కారును మైదానం దాకా బావగారే నడిపారు. దారి తిన్నగా ఉంది గనక పవర్ గురించి దారి పొడుగునా చెప్పగలిగారు. పరీక్షాధికారిణి నడివయసు మనిషి. ఎండకు టోపీ, చేతిలో ఈల, ముఖంలో ఏ భావమూ లేదు. మరదలు కారును ఎనిమిది అంకె మొదటి వంపులోకి తీసుకెళ్ళి, లేచి, వేలాడి, లాగింది. వంపు అంచున గుర్తుకు పాతిన మొదటి కర్ర కిందపడే లోపే ఈల మోగింది.

"దిగమ్మా," అని అధికారిణి సీటులో కూర్చుని స్టీరింగును అటూ ఇటూ కదిపి చూసింది. మూత తీయించింది. "బెల్టు ఏమైంది?"

"తీసేశాం మేడం," అంటూ బావగారు కంచె దాటి వచ్చారు. "ఇంజినుకు పవర్ పెంచడానికి. నేను ఎలక్ట్రిసిటీలోనే పనిచేస్తాను."

"మిగిలింది కొంచెం ఉంటుంది, కాదనను. అది ఎవరి చేతుల్లోంచి వచ్చిందో చూశారా?" అంది ఆవిడ మరదలి మణికట్ల వైపు తల ఊపుతూ. "కంపెనీ బిగించి పంపిన భాగాన్ని ఊడదీసిన బండి పరీక్షకు పనికిరాదు. పరీక్ష జరగనట్టే లెక్క, తప్పినట్టు కాదు."

మరదలికి ఆ చివరి వాక్యం చాలు. "మేడం, ఇంకో బండి తెచ్చుకుంటే?"

"వరసలో చివర నిలబడు. వరస అయిపోయేలోపు వస్తే సరే, లేకపోతే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి."

ఆమె బేకరీకి ఫోను చేసింది. వరస తరుగుతోంది. బావగారు ఆమె పక్కన నిలబడి, ఆ అధికారిణికి సాంకేతిక విషయాలు తెలియవని వివరించారు. ఆమె మాత్రం గేటు మీంచి చూపు తిప్పలేదు. తన ముందు ఒకే ఒక్క కుర్రాడు మిగిలి, అతను బండి ఎక్కుతుండగా, పిండి మరకల బేకరీ వ్యాను దగ్గుతూ లోపలికొచ్చింది. నడుపుతున్నది బేకరీ ఆవిడే, పనిలో చీర మీద కట్టుకునే గుడ్డ కూడా విప్పకుండా వచ్చింది.

"పొయ్యిలో రొట్టెలున్నాయి. తొందరగా పాసవ్వు," అని తాళాలు చేతిలో పడేసింది.

ఆ వ్యానుకు పుట్టుకతోనే పవర్ స్టీరింగు లేదు. అందుకే చేసినవాళ్ళు చక్రం పెద్దది పెట్టారు, ఎక్కువ తిప్పితే కొద్దిగా తిరిగేలా అమర్చారు, మనిషి చేతులు ఎంత మోయగలవో ముందే ఆలోచించారు. చెప్పుల్లేని నడక అలవాటైనవాడు వేరు. నడిదారిలో ఎవరో చెప్పులు లాగేసుకున్నవాడు వేరు. మరదలు ఎనిమిదిని నింపాదిగా చుట్టింది. గట్టు సగంలో ఆగింది. కంచె దగ్గర బావగారు నోరు తెరిచారు. ఆయన పక్కనున్న అక్క, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి, "మీరు కాసేపు ఊరుకోండి," అంది. ఆయన ఆశ్చర్యంతోనే ఊరుకున్నారు. వ్యాను వెనక్కి వెంట్రుకవాసి జారకుండా గట్టెక్కింది.

అధికారిణి కాగితం మీద సంతకం చేసి, "చేతులకు వేడినీళ్ళ కాపడం పెట్టుకో," అని మాత్రం అంది.

సంతకం తడి ఆరకముందే బావగారికి మాట తిరిగొచ్చింది. "చూశారా? ఇన్ని రోజులూ బెల్టు లేని కారుతో కుస్తీ పట్టబట్టే కదా చేతులకు బలమొచ్చి పాసయ్యింది. నా కోత వల్లే."

బేకరీ ఆవిడ ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీరు పట్టలేదు కదా ఆ కుస్తీ. ఇప్పుడు పట్టండి," అంది. కారు ఇంటి వైపు తిరగాలంటే మైదానం గేటులో పూర్తిగా మళ్ళించాలి మరి.

బావగారు అక్కను ముందు సీటులో కూర్చోబెట్టుకుని బయల్దేరారు. గేటు దగ్గర స్టీరింగు పట్టి తిప్పారు. తిరగలేదు. లేచి తిప్పారు. చొక్కా చంకలో పర్రున చిరిగింది. ముందుకీ వెనక్కీ జరిగి జరిగి కారు గేటుకు అడ్డంగా, గొంతులో ముల్లులా ఇరుక్కుంది. దాని వెనక వ్యాను. వ్యానులో స్టీరింగు ముందు మరదలు, పక్కన బేకరీ ఆవిడ.

"మీ బావగారు కాస్త తప్పుకుంటే బావుణ్ణు," అంది ఆవిడ.

"అలవాటు లేదండీ," అంది మరదలు.

అప్పుడు కారు ఎడమ తలుపు తెరుచుకుంది. అక్క దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, తలుపు నెమ్మదిగా వేసింది.

"ఎక్కడికే?" అన్నారు బావగారు ఆయాసపడుతూ.

"బండికి లోడు తగ్గిస్తున్నానండీ. మీకు పవర్ మిగులుతుంది."

ఆమె నడిచొచ్చి వ్యాను ఎక్కి, చెల్లెలికీ ఆవిడకీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. ఆ వెలితి వల్ల కారు ఏమాత్రం తేలికపడిందో గానీ, ఇద్దరు దారిన పోయేవాళ్ళు తోయగా చివరికి గేటు వదిలింది. వ్యాను దాన్ని దాటి రోడ్డెక్కింది. మలుపు దగ్గర అక్క చెల్లెలి చేతుల వైపే చూస్తూ ఉంది. చక్రం తిరగడం, తిరిగి తనంతట తాను నిలబడడం చూసింది.

"రొట్టెలు దించాక నన్ను ఇంటి దగ్గర వదులు," అంది. "అటక మీంచి ఫ్యాను దించాలి. నిచ్చెన నువ్వు పట్టుకుందువు గాని."