ఏదీ తీయకుండా మొత్తం కార్జం

ఒక కార్జం, ఒక కుక్కరు, ఒక అత్తగారు. ఈ మూడింటినీ ఒకే ఆదివారం ఇంట్లోకి రానిచ్చి బాగుపడిన మగవాడు బోధన్‌లో ఇంతవరకు లేడు. నేను బాగుపడతాననుకున్నాను. ఆరేళ్లయింది. ఇప్పటికీ మా వీధిలో ఎవరింట్లో కూర చేదైనా ముందు నా పేరే తలుచుకుంటారు. మీరు నవ్వడానికి మొహమాటపడకండి. మా ఆవిడ ఎలాగూ ఆరేళ్లుగా నవ్వుతూనే ఉంది.

అప్పుడు నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఒక ఆఫీసులో ఇన్‌వార్డు గుమాస్తాను. అంటే, వచ్చిన కాగితం మీద వచ్చినట్టు ముద్ర కొట్టడం నా పని. ఆ కాగితం తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు, ఇచ్చినవాడికీ తెలియదు. అయినా ముద్ర నా చేతిలో ఉంది కనుక ఊరంతా నా చేతిమీదుగానే నడుస్తోందని నా నమ్మకం. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. నా విషయంలో ఈగలు నిజం, పల్లకీ నా ఊహ.

మా ఆవిడ శ్యామలకు అప్పుడు ఐదో నెల. పరీక్ష చేయిస్తే రక్తం తక్కువుందన్నారు. మాత్రలు రాసిచ్చి, ఆకుకూరలు, కార్జం, అంటే మేక లివరు, బాగా పెట్టమన్నారు. ఆ కబురు నాకంటే ముందు వర్నిలో ఉన్న మా అత్తమ్మకు చేరింది. శనివారం సాయంత్రం ఫోను వచ్చింది.

"రేపొస్తున్న. బట్టలు సదురుకో బిడ్డా, నాతోని వర్నికి వద్దువు" అంది కూతురితో.

నేను ఫోను లాక్కున్నాను. "ఐదో నెలల్నే ఎందుకత్తమ్మా? నేను సూసుకుంట కదా."

"ఏం సూసుకుంటవు బిడ్డా, ఫోనా?"

శ్యామల కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గొంతు సవరించుకున్నాను. "డాక్టరమ్మ కార్జం పెట్టుమన్నది. పెడ్త."

"దానికి పోపు వాసనకే కడుపుల తిప్పుతున్నదాయె. ఎవలు వండుతరు మరి?"

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

"నేనే వండుత."

అవతల బర్రె ఒకటి అరిచింది. తర్వాత అత్తమ్మ నిదానంగా అంది. "మంచిది. పగటి బస్సుకొస్త. నేనే తిని సూస్త. తినేతట్టు ఉంటె పిల్లను ఆడనే ఉంచుత. లేకుంటె పొద్దూకే బస్సుకు తీస్కపోత. మల్ల కాన్పయి, పిల్లకు మూడో నెల వచ్చినంకనే పంపుడు."

వేళ్లు మడిచి లెక్కపెడితే ఏడు నెలలు. పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. ఇవాళ ఇన్ని ముద్రలు కొట్టానని సాయంత్రం వచ్చి చెప్పుకుంటే శ్రద్ధగా వినే మనిషి లోకంలో శ్యామల ఒక్కతే. ఆమె వెళ్లిపోతే నేను ఉత్త గుమాస్తాను. ఆ సంగతి నాకు బాగా తెలుసు, అందుకే భయం.

ఇక్కడ మా దిక్కు సంగతి ఒకటి చెప్పాలి. ఆదివారం పొద్దున మటన్ దుకాణం దగ్గర మనిషి విలువ తేలిపోతుంది. ఒక మేకకు ఒక్కటే కార్జం. గిరాకీ నలభై మంది. అందుకని దుకాణదారు కిలో కూరలో తలా ఒక ముక్క కార్జం వేస్తాడు. మామూలు మనిషికి బొటనవేలంత. కాస్త పలుకుబడి ఉన్నవాడికి అరచేయంత. ఇంటికి పోయాక సంచి విప్పి ఎవరి స్థాయి ఎంతో ఎవరికి వారు చూసుకోవచ్చు. నా సంచిలో ఏ ఆదివారమూ చిటికెనవేలు దాటలేదు. దానికి కారణం తూకంలో తొందర అని నేను నాకే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఆ ఆదివారం ఆరింటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని లతీఫ్ భాయ్ దుకాణం ముందు నిలబడ్డాను. లతీఫ్ భాయ్ అరవై ఏళ్ల మనిషి. తాత నాటి నుంచి అదే పని. కత్తి ఎంత మెత్తగా నడుస్తుందో మాట కూడా అంత మెత్తగా నడుస్తుంది.

"ఇయ్యాల కార్జం మొత్తం నాకే కావాలె" అన్నాను, వరుసలో అందరికీ వినిపించేలా.

"మొత్తం ఎట్లిస్త సార్? అందరు అడుగుతరు. తలా ఒక ముక్క ఏసుడే."

"నేనెవరో ఎరికేనా?"

"ఎరికే సార్. ముద్రలు కొడ్తరు."

వెనక ఎవరో దగ్గారు. నేను గొంతు తగ్గించాను. "మా ఇంట్ల కడుపుతోని ఉన్నది భాయ్. రక్తం తక్కువున్నదన్నరు."

లతీఫ్ భాయ్ కత్తి కింద పెట్టాడు. "గా మాట ముందుగాల చెప్పొద్దా సార్? కడుపుతోని ఉన్న బిడ్డకంటె ఎక్కువనా ఎవలన్న? తీస్కపోండ్రి." వరుసలో వాళ్లూ తలూపారు. ఒక పెద్దాయన, "నా ముక్క గూడ ఆయనకే ఇయ్యి" అన్నాడు.

ఇంత మంచితనం కళ్లముందు జరిగితే మనిషన్నవాడు చేతులు జోడిస్తాడు. నేను మాత్రం, చూశావా నా పలుకుబడి అనుకున్నాను.

లతీఫ్ భాయ్ కార్జాన్ని అరచేతిలో తిరగేసి, అడుగున అంటుకుని ఉన్నదేదో తీయడానికి చిన్న కత్తి అందుకున్నాడు. నాకు అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ అరచేయంత ముక్కలు ఎవరెవరికి పోయాయో నాకు తెలియదా?

"ఆగు. ఏం తీస్తున్నవు?"

"సార్, ఇది అక్కెరకు రాదు. ఇది..."

"అక్కెరకొస్తదో రాదో నేను సూసుకుంట. ఏదీ తీయకు. దేవుడిచ్చింది ఇచ్చినట్టే కట్టియ్యి."

"జర నా మాట ఇనుండ్రి సార్..."

"ఏది ఎవలకు పోతదో నాకంతా ఎరికే భాయ్."

లతీఫ్ భాయ్ నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఇంట్ల పెద్దోళ్లు ఉన్నరా సార్?"

"మా అత్తమ్మ వస్తున్నది."

"గట్లయితె పర్వాలే" అని మొత్తం కట్టి ఇచ్చాడు. పాపం, నేను అత్తమ్మ వచ్చేలోపే వంట పూర్తిచేస్తానని ఆయన ఎలా ఊహిస్తాడు?

ఇంటికి వచ్చి శ్యామలను ముందు గదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. ముక్కుకు కొంగు చుట్టుకుని అక్కడి నుంచే చెప్పింది. "ఇగో, ఉప్పు ఆఖర్ల ఎయ్యి. ముందుగాల ఏస్తే గట్టిపడ్తది."

"నువ్వు నిమ్మలంగ కూసో. నేనున్న కదా."

కార్జం పళ్లెంలో పెట్టి తిరగేశాను. అడుగున చిన్న ఉసిరికాయంత పచ్చటి తిత్తి. లోపల ఏదో పసరు కదులుతోంది. లతీఫ్ భాయ్ తీయబోయింది ఇదే. మీకైతే ఏమనిపించేదో గానీ, నాకు మాత్రం దొంగ దొరికాడనిపించింది. ఆకుకూరల్లో బలం ఉందన్నారు. కార్జంలో బలం ఉందన్నారు. మరి ఆకులాగా పచ్చగా ఉన్నది కార్జంలోనే దొరికితే, దాని బలం ఎంతుండాలి? మేక జీవితమంతా తిన్న ఆకుల సారమంతా అక్కడే చేరిందని తేల్చుకున్నాను. ఈ తెలివికి ఎవరూ నాకు ముద్ర కొట్టలేదు, నేనే కొట్టుకున్నాను.

తిత్తి కోశాను. పసరు బొటబొటా కారింది. ఒక్క చుక్క వృథా పోనివ్వలేదు. ముక్కలకు రెండు చేతులా పట్టించాను. తిత్తిని లోపలిది బయటికి తిప్పి, దానితో కూడా ముక్కలన్నీ తుడిచాను. పసుపు, కారం, అల్లం వెల్లుల్లి వేశాను. ఉప్పు ముందే వేశాను, ఎందుకంటే ఆఖర్న వేయమని చెప్పింది నా పెళ్లాం కదా. ఫోనులో వీడియో చూస్తే ఒకావిడ పది నిమిషాలు పెనం మీద వేయిస్తే చాలంది. ఇంత పలుకుబడితో తెచ్చిన వస్తువుకు పది నిమిషాలా? కుక్కర్లో పెట్టి ఏడు విజిళ్లు రానిచ్చాను.

"కార్జానికి గన్ని విజిళ్లెందుకు?" అంది శ్యామల ముందు గదిలోంచి.

"రక్తం పట్టాలె కదా."

రుచి చూడలేదు. అత్తమ్మకు పెట్టేది ఎంగిలి చేయకూడదని మా అవ్వ చెప్పేది. జీవితంలో పెద్దల మాట ఒక్కటి పాటించాను, అది కూడా ఆ రోజే పాటించాలా?

పన్నెండున్నరకు అత్తమ్మ వచ్చింది. సంచిలోంచి జొన్నరొట్టెలు, గుడ్డలో కట్టిన బెల్లం ముద్ద తీసి పక్కన పెట్టింది. వాళ్ల చెరుకుతో వండించిన బెల్లం. కాళ్లు కడుక్కుని కూర్చుంది. "ఏది, పెట్టు మరి" అంది.

ఇద్దరికీ వడ్డించాను. శ్యామల ధైర్యం తెచ్చుకుని ముక్క మీద చెయ్యి వేసింది. "నేను తిని చెప్పేదాక ముట్టకు" అని అత్తమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుంది. నమిలింది. ఆగింది. మళ్లీ నమిలింది. మొహంలో ఏ మార్పూ లేదు. కళ్లు మాత్రం కిటికీలోంచి దూరంగా వర్ని రోడ్డు వైపు పోయాయి. గ్లాసెడు నీళ్లు తాగి, కూతురి కంచం మెల్లగా తన వైపు జరుపుకుంది.

"ఎట్లున్నది అత్తమ్మా?"

"నువ్వు తినలేదా బిడ్డా?"

"నువ్వు తిన్నంకనే అని..."

"మీ వాకిట్ల ఏపచెట్టు ఉన్నదా?"

"లేదత్తమ్మా."

"మరి గింత చేదు యాడికెల్లి తెచ్చినవు?"

నేను ఓడిపోతున్నానని అర్థమైంది. అయినా గుమాస్తాను కదా, ఫైలు అంత తొందరగా మూయను. "చేదు ఒంటికి మంచిదే కదా అత్తమ్మా. కాకరకాయ తినమా?" అంటూ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను.

వండుకున్నవారికి వండుకున్నంత మహదేవా. ముందు పళ్లకు తగిలింది, రబ్బరు చెప్పు తగిలినట్టు. తర్వాత చేదు నాలుక దాటి, గొంతు దాటి, చెవుల దాకా పాకింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మింగడానికి లోపలికి పోదు, ఉమ్మడానికి ఎదురుగా అత్తగారు.

"చేదుకట్టు తీయలేదా?" అంది అత్తమ్మ.

"ఏది? గా పచ్చటి తిత్తా?"

"అవ్, గదే. పారేస్తరు దాన్ని. ఏం చేసినవు?"

"ముక్కలకు పట్టించిన."

"ఎంత?"

"మొత్తం." అబద్ధమాడే శక్తి కూడా నోటికి లేదు. "తిత్తి తిప్పి గూడ తుడిచిన. బలమని."

ముందు చిన్న చప్పుడు వచ్చింది. శ్యామల. కొంగు అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని నవ్వింది. "తిత్తి తిప్పి తుడిచిండంటనే అమ్మా" అని మళ్లీ నవ్వింది. వాంతులతో నెల రోజులుగా వాడిపోయిన మొహం అది. అంతలా నవ్వడం పెళ్లయ్యాక నేను చూడలేదు. నవ్వీ నవ్వీ అలిసిపోయి, "ఆకలైతున్నది" అని జొన్నరొట్టె అందుకుంది. బెల్లం నంజుకుంటూ ఒకటి తినేసి రెండోది తుంచింది. నా పరువు పోతేనేం, పిల్ల తింటోంది కదా అనిపించింది. నిజంగానే అనిపించింది.

అత్తమ్మ కూతురు తినడం కళ్లార్పకుండా చూసింది. తర్వాత నా చేతిలో ఒక బెల్లం ముక్క పెట్టి లేచింది. "బట్టలు సదురు" అంది.

నా నోట్లో బెల్లం కూడా చేదైంది. మాట ప్రకారం ఓడిపోయాను. శ్యామల నవ్వు ఆపి నా వైపు చూసి, బీరువా దగ్గరికి నడిచింది. తన చీర ఒకటి తీసింది.

"నీయి ఒక్కదానియే కాదు. నీ మొగనియి గూడ సదురు" అంది అత్తమ్మ. "ఈయన్ను ఒక్కన్ని ఇడిసిపెట్టి పోతె ఇంకోటి వండుకొని తింటడు. రేపు పుట్టేదానికి తండ్రి ఉండాలె కదా."

ఆ విధంగా ముద్రలు కొట్టే అధికారి గారు రెండు జతల బట్టలతో ఇల్లరికం బయలుదేరారు. బస్టాండుకు పోయే దారిలో లతీఫ్ భాయ్ దుకాణం కడుగుతున్నాడు. అత్తమ్మ ఆగింది. "ఏమన్నా, గా చేదుకట్టు తీసియ్యరాదు?" అని అడిగింది.

లతీఫ్ భాయ్ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. "తీయబోయిన అక్కా. సారే తీయనియ్యలే. దేవుడిచ్చింది ఇచ్చినట్టే కావాలన్నడు."

అత్తమ్మ నా వైపు తిరిగి చూడలేదు. ఆమెలో నాకు నచ్చే గుణం అదే.

ఏడు నెలలు వర్ని నుంచి బోధన్‌కు రోజూ బస్సులో పోయి ముద్రలు కొట్టాను. అత్తమ్మ ప్రతి ఆదివారం కార్జం పెనం మీద పది నిమిషాలు వేయించి, ఉప్పు ఆఖర్న వేసేది. అందులో నా వంతు చిటికెనవేలంత. కాన్పు నాటికి శ్యామలకు రక్తం పట్టింది. ఆడపిల్ల పుట్టింది. పాపకు మూడో నెల రాగానే తిరిగి మా ఇంటికి వచ్చి, మొదటి ఆదివారం సంచి పట్టుకుని లతీఫ్ భాయ్ దుకాణానికి పోయాను. నన్ను చూడగానే వరుసంతా పక్కకు జరిగింది. "సార్ వచ్చిండు, తొవ్వ ఇయ్యుండ్రి" అన్నారెవరో. ఇన్నాళ్లకు పలుకుబడి వచ్చిందని ఛాతీ పొంగింది. లతీఫ్ భాయ్ కత్తి పైకెత్తి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, చేదుకట్టు దాంట్లనే ఉంచాల్నా, ఇడిగ కట్టియ్యాల్నా?"

కనుక సమస్త జనులకు ఇందుమూలంగా తెలియజేయడమేమనగా, కత్తి పట్టినవాడు ఏదైనా తీసేస్తుంటే ఇకమీదట నేను అడ్డు చెప్పను. పచ్చగా ఉన్నదల్లా బలమనుకోను. పెళ్లాం ఉప్పు ఆఖర్న వేయమంటే ఆఖర్ననే వేస్తాను. అసలు కార్జం జోలికే పోను. ఈ ప్రమాణానికి సాక్షి మా అత్తమ్మ. ముద్ర నేనే కొట్టాను, ఆమె దగ్గర నిలబడి కొట్టించింది.