చేసినవాళ్ల పేరు లేని వాక్యం

సికింద్రాబాద్‌లో ఎక్కిన బస్సు అల్వాల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. టీచర్ ఉద్యోగం పరీక్షకు ఆలస్యమవుతోందని నేను మాటిమాటికీ ఫోన్‌లో టైం చూసుకుంటున్నాను. పక్క సీట్లో గ్రామర్ గైడు చదువుకుంటున్న ఆమె కూడా ఆ పరీక్షకే.

“అక్కా, పాసివ్ వాయిస్‌ల పని ఎవరు చేసిన్రో చెప్పకున్నా నడుస్తదా?” అని అడిగింది.

“నడుస్తది.”

ఆమె గైడు మూసి, “మై స్టడీస్ వర్ స్టాప్డ్. కరెక్టేనా?” అంది.

“కరెక్టే,” అన్నాను. ఎవరు ఆపారో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు.

బస్సు కదలలేదు. ఆమె చున్నీ నడుముకు బిగించి, “ఉరుకుదాం పా అక్కా,” అని దిగింది. ఇద్దరం సెంటర్ దాకా పరుగెత్తాం.

ఇప్పుడు నేను టీచర్ని. పిల్లలు అలాంటి వాక్యం రాస్తే టిక్కు పెట్టి ఊరుకోలేను. పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు చేశారని అడుగుతాను.