మేకుకు వేలాడిన బెల్టు

కొండ వైపు తిరిగి చెబుతున్నాను... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది లేదు. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వారంటే మాత్రం ఎంత బతిమాలినా నోరు విప్పను.

డెబ్బైల చివర్లో సంగతి. తిరుపతిలో, అలిపిరికి పోయే దారి పక్క సందులో ఉండేవాళ్ళం. నా పని బోర్డులు రాయడం. లాడ్జీలకు, సెలూన్లకు, టెంకాయల అంగళ్ళకు... మా వైపు అక్షరం కనిపిస్తే చాలావరకు అది నాదే. నా కుడిచెయ్యి ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. మా నాయన, నా భార్య కాంతమ్మ, ముగ్గురు ఆడపిల్లలు... అందరూ ఈ ఐదు వేళ్ళ మీద బతికేవాళ్ళు. ఇది గుర్తుపెట్టుకోండి.

అలాంటివాడికి లేత్ మిషను ఎందుకు? అదే అడిగింది కాంతమ్మ కూడా. పిచ్చి, అంతే. కొందరికి పేకాట, నాకు ఇది. నగరిలో మునిరత్నం అని, మరమగ్గాలకు స్పేర్లు చేసే ఆయన కామెర్లతో పోయాడు. ఆయన భార్య చెంగమ్మ ఆ చిన్న లేత్‌ను అమ్మేస్తుంటే నేను తెచ్చుకున్నాను. బల్ల మీద పట్టేంత మిషను. కింద మోటారు. మోటారు నుంచి మిషను వెనక చక్రానికి ఒక బెల్టు. మోటారు తిరిగితే బెల్టు తిరుగుతుంది, బెల్టు తిరిగితే ముందున్న చక్కు తిరుగుతుంది. ఆ చక్కే మనం చెక్కాల్సిన ఇనుమునో ఇత్తడినో పట్టుకుని గిర్రున తిప్పేది.

తెచ్చిన వారానికే నా బుద్ధి పోనిచ్చుకున్నాను కాదు. మిషను మొత్తం ఊడదీసి, బోర్డులకు మిగిలిన ఆకుపచ్చ రంగు వేసేశాను. నామాలు కూడా దిద్దాను. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు.

ఆ ఎండాకాలం నాయనకు ఆయాసం ఎక్కువైంది. ఇంట్లో ఉన్న ఒక్క టేబుల్ ఫ్యానుకూ లోపల ఇరుసు తిరిగే ఇత్తడి బుష్షు అరిగిపోయి గరగరమంటోంది. బుష్షు నేనే చేస్తానన్నాను. పగలంతా నిచ్చెన మీద పని. అందుకని అన్నాలు తిన్నాక, వెనక రేకుల గదిలో తలుపు గడియ పెట్టుకుని మొదలుపెట్టాను. చెయ్యి జాగ్రత్తని కాంతమ్మ రెండుసార్లు చెప్పి పడుకుంది.

ఇత్తడి కడ్డీ ముక్కను చక్కులో బిగించాను. స్విచ్చు వేశాను. కడ్డీ వంకరగా తిరుగుతోంది... చెక్కే ఉలి, అదే టూలు, ఆనిస్తే ఒక పక్క గీస్తుంది, ఒక పక్క గాలి. కీ...చు... కీ...చు... పళ్ళు పులిసిపోయే చప్పుడు. టూలు ఊగుతోందేమోనని దాని కింద విరిగిన రంపపు బ్లేడు ముక్కలు పెట్టి బిగించాను. అదే చప్పుడు. టూలు మొన మొద్దుబారిందేమోనని సానబెట్టాను. అదే చప్పుడు. ఇత్తడి మీద అలలు అలలుగా గీతలు. చొక్కా తడిసిపోతే విప్పి, గోడ మేకుకు తగిలించాను.

అప్పుడు వెలిగింది బుర్ర. చక్కుకు మూడు దవడలుంటాయి. వాటి మీద ఒకటి, రెండు, మూడు అని అంకెలు కొట్టి ఉంటాయి. ఆ వరసలోనే దూర్చాలి. వరస తప్పితే ఏం పెట్టినా వంకరే. నేను రంగు వేసినప్పుడు ఆ అంకెలన్నీ పూడిపోయాయి. ఊడదీసినవాణ్ణి ఇష్టమొచ్చినట్టు తిరిగి దూర్చేశాను. లోకంలో లేత్ మీద పనిచేసే ఏ టర్నరూ చెయ్యని తప్పు... ఒక బోర్డులు రాసేవాడు మాత్రమే చెయ్యగలిగిన తప్పు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

చక్కు నెమ్మదిగా నిలిచిపోయింది. చీకటి. లాంతరు వెలిగించి పక్కన పెట్టుకున్నాను. కరెంటు వచ్చేలోపు దవడలు మార్చేద్దాం అనుకున్నాను. దవడలు బిగించే చక్కు కీని, అడ్డపుల్ల ఉన్నదాన్ని, దూర్చి, తిప్పి, మూడు దవడలూ బయటికి తీశాను. మేకు మొనతో రంగు గీకితే అంకెలు కనిపించాయి. మళ్ళీ వరసగా దూరుస్తున్నాను. కుడిచెయ్యి కీ మీద. ముఖం చక్కుకు జానెడు దూరంలో...

స్విచ్చు వేసే ఉంది.

కరెంటు పోయినప్పుడు ఆపలేదు నేను. గుర్తే లేదు. కరెంటు వచ్చిన క్షణం చక్కు తిరుగుతుంది. దాంతో కీ తిరుగుతుంది. కీతో పాటు నా చెయ్యి...

ఒకటో దవడ పట్టుకుంది. రెండోది పట్టుకుంది. మూడోది దూరుస్తుండగా... మిషను వెనక నుంచి... సర్ర్ర్... రబ్బరు జారినట్టు. పందికొక్కు అనుకున్నాను. కీ తిప్పాను.

మళ్ళీ... టప్.

కాగిన నూనె వాసన వచ్చింది. మిషను నడిచి అరగంట పైనే. చల్లారిన మిషను దగ్గర ఆ వాసన రాకూడదు. లాంతరు మంట కదల్లేదు. గాలి లేదు. కానీ నా వీపు వెనక... అడుగులు. వట్టి కాళ్ళ అడుగులు. ఒకటి... రెండు... మూడు... గోడ దాకా పోయి ఆగాయి. గుడ్డ దులిపిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు.

నాకు భయం వేసింది. ఉత్త భయం. మెడ తిరగలేదు. కీ మీద ఉన్న చెయ్యి అక్కడే బిగుసుకుపోయింది.

కరెంటు వచ్చింది.

బల్బు వెలిగింది. నా కాళ్ళ దగ్గర మోటారు గుయ్య్...మని లేచింది. పై ప్రాణాలు పైనే పోయాయి. కళ్ళు మూసుకున్నాను... ఏమీ కాలేదు. కళ్ళు తెరిచాను. మోటారు తిరుగుతోంది. చక్కు కదల్లేదు. నా చెయ్యి కీ మీదే ఉంది. వేళ్ళు లెక్కపెట్టుకున్నాను... ఐదు. ఎడమచేత్తో స్విచ్చు ఆపి, మిషను వెనక చూశాను. బెల్టు లేదు.

వెనక్కి తిరిగాను. మేకుకు వేలాడుతోంది బెల్టు. ఇంకా ఊగుతోంది. ఆ మేకుకు ఉండాల్సిన నా చొక్కా కింద ముక్కాలిపీట మీద ఉంది. మడతపెట్టి. తలుపు గడియ వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు పిల్లి కూడా దూరలేనివి.

తెల్లవారి చెబితే, పరధ్యానంలో నువ్వే తీసుంటావని తేల్చేసింది కాంతమ్మ. కావచ్చు. కానీ నేను చొక్కా మడతపెట్టడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో తను ఒక్కసారి చూసిందా అని అడిగాను. లేచి పొయ్యి దగ్గరికి పోయింది. ఆ రోజు బోర్డు పని మానేసి నగరి బస్సెక్కాను.

చెంగమ్మ గడప దగ్గర కూర్చుని అంతా విన్నది. తర్వాత చొక్కా ఎట్లా మడిచి ఉందని అడిగింది. చేతులు లోపలికి పెట్టి నాలుగ్గా అని చెప్పాను. ఆమె ముఖం మారిపోయింది.

"కరెంటు పోతే ముందు బెల్టు తీసేసేవోడబ్బా. చొక్కా అట్ల మడిసేది గూడా ఆయన అలవాటే," అన్నది.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దండం పెట్టాను. "ఆయనే నా చెయ్యి కాపాడినాడక్కా," అన్నాను.

చెంగమ్మ తల అడ్డంగా ఊపింది. "చెయ్యి కోసరం కాదు నాయనా. కీ తగులుకోని తిరిగితే చక్కు పోతాదని. మిషనంటే ఆయనకు పానం. మనుసుల్ని అట్ల సూసినోడు కాదు."

అంటూ తన ఎడమచెయ్యి చాపింది. చూపుడువేలు సగమే ఉంది.

"ఇది ఆ మిషన్లోనే పొయ్యింది. గుడ్డ తెచ్చిచ్చినాడు. కట్టుకోడానికనుకుంటి... రగతం మిషను మింద ఎండకముందే తుడ్సమన్నాడు."

బస్సులో వస్తూ నా చెయ్యినే చూసుకుంటూ కూర్చున్నాను. బుష్షు తర్వాత బజార్లో చేయించాను. ఫ్యాను తిరిగింది, నాయన నిద్రపోయాడు. నేను మాత్రం ఆ గదికి తాళం వేశాను. అది ఆయనో, నేనే ఒళ్ళు తెలియక చేశానో, ఇంకేదైనానో... ఇప్పటికీ తెలీదు. కరెంటు పోతే ఈనాటికీ నా కుడిచెయ్యి దానంతటదే చంకలోకి పోతుంది. ఒక్కటే నన్ను పీకుతూ ఉంటుంది. ఆ రాత్రి చక్కులో కీ ఉంది కాబట్టి సరిపోయింది... కీ లేకుండా ఉత్త నా వేళ్ళే ఉండుంటే, ఆ బెల్టు తీసేవాడా?