సాంచా మీద ఒట్టు

మా అన్న నరహరి సూరత్‌లో ఒక నేత కార్ఖానాలో మేస్త్రీ. పవర్‌లూమ్‌ను మావాళ్లు సాంచా అంటారు. కొత్త డిజైన్‌కు సాంచా సిద్ధం చెయ్యడంలో అన్నకు పేరు. అందుకే చేర్చుకున్న రోజే సేటు అతని చేత సాంచా మీద చెయ్యి పెట్టించి, పని మానినా ఈ చుట్టుపక్కల ఇంకో కార్ఖానాకు పోనని ఒట్టు వేయించుకున్నాడు. సాలెవాళ్లు ఆ ఒట్టు తప్పరని ఆయనకు తెలుసు.

లాక్‌డౌన్‌లో సేటు కార్ఖానా మూసేసి అందరినీ పొమ్మన్నాడు. ఆంక్షలు సడలాక, సూరత్ పక్కనే ఉన్న పల్సానాలోని ఇంకో కార్ఖానా నుంచి పిలుపొచ్చినా అన్న కదల్లేదు.

"పొమ్మన్నోనికి లేని బాధ నీకేంది?" అంది భాగీరథి వదిన.

"చెయ్యి పెట్టింది నేను గదా."

"సాంచా మీద పెట్టినవ్, పిల్లల కడుపు మీద కాదు. జర లెవ్వు!"

వెళ్లాడు. కానీ పనికి ముందు సాంచాను తాకి కళ్లకద్దుకునే అలవాటు మానేశాడు. "ఏ మొకంతోని మొక్కాలె తమ్మీ?" అనేవాడు. దసరా పూజకు కూడా గుమ్మం బయటే నిలబడ్డాడు.

మరుసటి వేసవిలో కరోనాతో పోయాడు. పరామర్శకు పాత సేటు ఫోన్ చేస్తే, ఒట్టు తప్పినందుకు అన్న తరఫున క్షమించమని అడిగాను.

"ఏ ఒట్టు, భాయ్?" అన్నాడాయన. "అది అందరితో వేయించేదే. ఎవరు పట్టించుకుంటారు?"

మర్నాడు పల్సానా వెళ్లి, అన్న బిగించిన సాంచాను అతని బదులు తాకి కళ్లకద్దుకున్నాను.