కొట్లో పరుగెత్తి ఇంట్లో మొరాయించిన కారు

ఆ రోజుల్లో పనిచేయని వస్తువు ఏది కనబడినా నా చేతులు ఊరుకునేవి కావు. విప్పాల్సిందే. తిరిగి బిగించాక రెండు మరలు మిగిలిపోవడం మా ఇంట్లో మామూలే. (అమ్మ వాటిని ఒక డబ్బాలో దాచేది, నాకు బుద్ధి వచ్చిన రోజు ఇస్తానని.) జగిత్యాలలో కంప్యూటర్ కోర్సు చేసి సిరిసిల్లలో ఒక రిపేరు కొట్లో చేరాను. యజమానిని అందరూ ఉస్తాద్ అనేవారు. నన్ను దరఖాస్తులు టైపు చేయడానికి కూర్చోబెట్టారు గానీ, నా కన్నంతా రిపేరు బల్ల మీదే. నెల రోజులు ఆయన ప్రాణం తీశాక ఒక పని అప్పగించారు. "గిది జేస్తే బల్ల నీది బేటీ. లేకుంటే మల్ల టైపింగే" అన్నారు.

ఆ పని లెక్కల సారు ఇంట్లో. తెలంగాణ కోసం ఉద్యోగులు సమ్మెలో ఉన్న కాలం. సారు పొద్దంతా దీక్షా శిబిరంలో నినాదాలిచ్చి, సాయంత్రం ఇంట్లో, మా కొట్లోనే కొన్న కంప్యూటర్ మీద కార్ల పందెం ఆడుకోవాలని చూసేవారు. ఆట తెరుచుకుంటేగా! నొక్కగానే తెర నల్లబడి మళ్లీ మామూలైపోయేది. ఆ కంప్యూటర్ డబ్బాను కొట్టుకు తెస్తే మాత్రం కారు మొదటి నొక్కుకే దూసుకుపోయేది. ఇంటికి తీసుకెళ్తే మళ్లీ మొండికేసేది. మూడోసారి ఆటో ఎక్కించినప్పుడు ఆటో అన్న ఉండబట్టలేక, "ఏందక్కా, దీనికి గాలి మార్పా?" అన్నాడు.

నాకు నిద్ర పట్టలేదు. చుట్టుపక్కల సాంచాలు నడుస్తుంటే కరెంటు ఊగుతోందని తేల్చాను. బంద్ రోజు ఆ మరమగ్గాలన్నీ ఆగిపోతే సంబరంగా సారు ఇంటికి పరుగెత్తాను. వీధంతా నిశ్శబ్దం. కారూ నిశ్శబ్దమే. మెమరీ ముక్క తీసి రబ్బరుతో రుద్దాను, డబ్బా లోపలి పంకా ఊడదీశాను. సారు నిట్టూర్చారు. "రాష్ట్రమన్న అస్తది గని, గీ కారు ఎల్లేటట్టు లేదు."

చాయ్ తెచ్చిన సారు భార్య నా వెనకే నిలబడి చూసి, "బిడ్డా, షాపుల గూడ గీ తెలుగు పేరు మీదనే నొక్కుతవా?" అని అడిగింది.

నా చేయి ఆగిపోయింది. కంప్యూటర్ తెరవగానే రెండు పేర్లు వచ్చేవి. ఒకటి కొట్లో పరీక్షించడానికి మేము నొక్కే ఇంగ్లీషు పేరు. రెండోది "జై తెలంగాణ". కొత్తగా నేర్చిన తెలుగు టైపింగు చూపించుకోవాలని సారుకు డబ్బా అమ్మిన రోజున నేనే పెట్టాను. ఆ పేరుతో తెరిస్తే ఆట తన లెక్కలన్నీ ఆ పేరున్న ఫోల్డరులోనే రాసుకోవాలి. ఎక్కడో పరదేశంలో తయారైన పాత ఆట, తెలుగు అక్షరాలు చదవలేక చతికిలబడుతోంది. వారం రోజులుగా నేను విప్పుతున్నది నా తప్పునే.

"సార్, పేరు ఇంగ్లీషుల పెట్టాలె" అన్నాను.

"జై తెలంగాణ తీసేస్తవా? శిబిరంల తెలిస్తే నన్ను ఉంచుతరా?" సారు కుర్చీలోంచి లేచారు.

"ఇంగ్లీషుల టీజీ అని పెట్టు బిడ్డా. బండ్లమీద ఏపీ కొట్టేసి గదే రాసుకుంటలేరా?" అంది ఆమె, చాయ్ గ్లాసులు తీసుకుంటూ.

పెట్టాను. కారు కదిలింది. సారు మొదటి మలుపులోనే గోడకు గుద్ది చప్పట్లు కొట్టారు.

కొట్టుకొచ్చి జరిగిందంతా ఒప్పుకున్నాను. ఉస్తాద్ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. "డబ్బా విప్పుడు అందరికొస్తది బేటీ. అడుగుడే రాదు. బల్ల నీదే, స్క్రూడ్రైవర్ మాత్రం నా దగ్గరుంటది. ముందుగాల మనుషులను అడుగు, తర్వాత దీన్ని అడుగు."

ఇప్పుడు నా కొట్లోనూ అదే పద్ధతి. మొన్న మా ఊరు కోరుట్ల వెళ్తే అమ్మ ఆ మరల డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. బుద్ధి వచ్చిందని ఒప్పుకున్నట్టే. ఏ మర దేనిదో అడుగుదామంటే ఎవరూ లేరు. విప్పింది నేనే కదా!